రంగు డబ్బా మూత తీయకముందు

జోగులాంబ గద్వాల జిల్లా వడ్డేపల్లి వైపు పాత మిద్దె ఇల్లంటే గోడలన్నీ రాయి, మట్టి. బయటికి కనబడే కట్టె అంతా ఇంటి ముందు వైపే ఉంటుంది. తలవాకిలి దర్వాజ, దాని రెండు రెక్కలు, కడప, రెండు పక్కల ఊచల కిటికీలు, అరుగు మీద నిలబెట్టిన కంబాలు, వాటి నెత్తిన దూలం, చూరు కింద బయటికి పొడుచుకొచ్చిన వాసాల కొసలు. ఇంటిని చూడవచ్చినవాళ్ళ కన్ను మొదట పడేది వీటి మీదే. పెండ్లి కుదిరినా, పండుగ దగ్గరపడినా ముందు రంగు పడేది వీటికే. రెండేండ్లు తిరక్కముందే పొక్కులు లేచి, పెళ్ళలు ఊడి వికారంగా తయారయ్యేవీ ఇవే.

అప్పుడు అందరూ రంగు కంపెనీని తిడతారు. తప్పు చాలావరకు డబ్బాలో ఉండదు, డబ్బా తెరవకముందు చేయాల్సిన పని ఎగ్గొట్టడంలో ఉంటుంది. జిడ్డు మీద, దుమ్ము మీద, ఊడిపోతున్న పాత పొర మీద కొత్త రంగు పూస్తే, ఆ పాత పొర ఊడేటప్పుడు కొత్తదాన్ని కూడా వెంట తీసుకుపోతుంది. ఈ కథనం ఆ ముందు పని గురించే. ప్రైమరు ఆరిన దగ్గర ఇది ఆగిపోతుంది. ఏ రంగు వేసుకుంటారన్నది మీ ఇష్టం.

ఏ కాలంలో

చాలామంది దసరాకు ముందు మొదలుపెడతారు. కట్టె సంగతి ఆలోచిస్తే అంతకన్నా చెడ్డ కాలం లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాల్లోని తేమను పీల్చుకుని కట్టె ఉబ్బి ఉంటుంది. తలుపు రెక్కలు కడపకు పట్టేసి, భుజం పెట్టి నెడితే గానీ తెరుచుకోవు. ఆ ఉబ్బు మీదే ఎనామిల్ వేస్తే, ఎండ తగిలినప్పుడు లోపలి తేమ ఆవిరై బయటికి రావాలని చూస్తుంది. పైపొర దారి ఇవ్వదు. పొక్కు లేస్తుంది. ఆ తర్వాత పొడి గాలులకు కట్టె కుంచించుకుపోయినప్పుడు పలకల అతుకుల వెంట రంగు నిలువునా చీలుతుంది.

నడివేసవి కూడా పనికిరాదు. మే నెల మధ్యాహ్నం పడమటి వాకిలి తలుపును ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. అంత వేడి కట్టె మీద ప్రైమరు కట్టెలోకి ఇంకకముందే పైన ఎండిపోతుంది, అడుగున పట్టు దొరకదు. ఆషాఢంలో గాలి, దుమ్ము. ఇవన్నీ తీసేస్తే మిగిలేది దీపావళి వెళ్ళిన దగ్గర్నుంచి శివరాత్రి దాకా. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న మా నడిగడ్డలో ఆ కాలానికి ఇంకో లాభం ఉంది. పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ పనులు అప్పటికి ముగిసి, ఇంటి పనికి ఒక మనిషి దొరికే అవకాశం పెరుగుతుంది. పొద్దున మంచు ఆరాక పని మొదలుపెట్టి, ఎండ తలుపు మీదికి తిరిగేసరికి రెండో పక్కకు మారడం మేలు.

బేరం కూడా ఇక్కడే తేల్చుకోవాలి. మొత్తం పనిని గుత్తకు ఇస్తే పెయింటరు ముందు పనిలోనే రోజులు మిగుల్చుకుంటాడు, అతన్ని అనలేం, గుత్త లెక్కే అంత. గీకుడు, కడుగుడు, లప్పం రోజు కూలికి, రంగు మాత్రం గుత్తకు అని విడగొడితే ఇద్దరికీ న్యాయం.

"అమ్మా, గీకుడు లేకుంటే రెండు రోజుల్ల అయిపోతది. గీకమంటే వారం పడ్తది మరి" అంటాడు పెయింటరు.

"వారమైనా కానీ నాయనా. గీకినంక నాకు చూపియ్యి, నేను చూసినంకనే డబ్బా తెరువు" అనే ఇల్లాలు ఉన్న ఇంట్లో తలుపు బతుకుతుంది.

దబ్బనం పట్టుకుని ఒక చుట్టు

మొదటి రోజు పనికి ఒక్క దబ్బనం చాలు, గోనెసంచులు కుట్టేది. ఇంటి ముందు నిలబడి నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో చూడాలి. మిద్దె మీది నీళ్ళు దిగే దోనె కొస విరిగి గోడ వెంబడే కారుతుంటే దాని కింది కిటికీ పైకమ్మి నల్లబడి ఉంటుంది. సజ్జబండకు, గోడకు మధ్య సందు పడితే దర్వాజ నెత్తి తడుస్తుంది. మిద్దె మీద మట్టి పొర పలచబడితే దూలం కొసలు, వాసాల కొసలు నానుతాయి. వీటిని బాగుచేయకుండా కట్టెకు రంగు వేయడమంటే డబ్బు పారబోసుకోవడమే.

తర్వాత కిందికి కూర్చుని దర్వాజ కమ్ముల కింది జానెడు మేర చూడాలి. మా వైపు ఇళ్ళలో ఎక్కువ పాడయ్యేది ఆ జానెడే. తెలంగాణలో వానలు తక్కువ పడే జిల్లాల్లో మనదొకటి, కాబట్టి కట్టెకు నీళ్ళ భయం లేదనుకుంటారు. కానీ వాకిట్లో సానిపి చల్లడం రోజూ ఉంటుంది. అరుగు కడగడం, కడప కడిగి పసుపు రాయడం ఉంటుంది. ఆ నీళ్ళు జారి వచ్చి ఆగేది కమ్ముల కాళ్ళ దగ్గర. అక్కడ బండకు ఆనుకుని ఉన్నది కట్టె కొస. చెట్టు బతికున్నప్పుడు నీళ్ళు పైకెక్కిన సన్నని గొట్టాలు ఆ కొసలో తెరుచుకుని ఉంటాయి. కట్టె పక్కల నుంచి తాగేదానికన్నా కొసల నుంచి ఎన్నో రెట్లు ఎక్కువ తాగుతుంది. పైన చూస్తే రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. దబ్బనం గుచ్చితే అసలు సంగతి తెలుస్తుంది. గట్టిగా ఉన్న టేకులో మొన కూడా దిగదు. పుచ్చిన యాపకట్టెలో అర అంగుళం సునాయాసంగా దిగుతుంది, బయటికి లాగితే మొనకు తడి గోధుమరంగు పొడి అంటుకుని వస్తుంది. దిగిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటూ పోవాలి.

వేలి గణుపుతో తట్టి చూస్తే డొల్ల చప్పుడు వచ్చిన చోట చెదలు లోపల తినేసి ఉంటాయి. గోడ నుంచి దర్వాజలోకి పాకిన సన్నటి మట్టి గొట్టాలు కనబడితే అనుమానమే లేదు. గుండుసూది తలంత రంధ్రాలు, వాటి కింద పిండిలాంటి పొడి రాలి ఉంటే అది వేరే పురుగు. పొడి తాజాగా తెల్లగా ఉంటే ఇంకా లోపల పని నడుస్తున్నట్టు. పాతబడి మాసిపోయి ఉంటే పురుగు ఎప్పుడో వెళ్ళిపోయినట్టు.

ఇక పాత రంగు పట్టు ఎంతుందో చూడాలి. బ్లేడుతో గళ్ళగళ్ళుగా సన్నటి గీతలు కోసి, మీద గట్టి అంటుడు టేపు అతికించి, గోటితో రుద్ది, ఒక్క ఊపున లాగాలి. టేపు ఖాళీగా వస్తే ఆ చోట పాత రంగును తీయనక్కర్లేదు, గరుకు చేస్తే చాలు. గళ్ళు టేపుకు అంటుకుని వస్తే అక్కడ కట్టె దాకా గీకాల్సిందే. ఎండపడే చోట ఒకసారి, తడిసే చోట ఒకసారి, తలుపు నడిమిన ఒకసారి చేసి చూస్తే ఎన్ని రోజుల పనో లెక్క వస్తుంది. రంగు బీటలువారిన ఎండు చెరువు అడుగులా పగిలి ఉంటే మాత్రం టేపు దాకా అక్కర్లేదు. పండుగ పండుగకూ పూసిన పొరలు లావెక్కి కట్టెతో పాటు కదల్లేక పగిలాయి. మొత్తం దింపాలి.

వరద చూసిన తలుపుల సంగతి కొంచెం వేరు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర రాజోలిని, అలంపురాన్ని, అవతల కర్నూలును ముంచెత్తినప్పుడు ఎన్నో ఇళ్ళు కూలాయి. అలా మునిగి తేలిన తలుపుల పలకల సందుల్లో, కూసాలు కలిసే చోట మెత్తటి ఒండ్రు ఇరుక్కుపోతుంది. ఆ ఒండ్రు ప్రతి తడినీ పట్టి ఉంచుతుంది. ఇలాంటి తలుపుకు రంగు వేసే ముందు సందులను సన్నటి పుల్లతో గోకి, మట్టి రాలగొట్టాలి. లేదంటే ఎన్ని పూతలు వేసినా సందు వెంబడే పొర లేస్తుంది. శ్రీశైలం ముంపు ఊళ్ళ నుంచి విప్పి తెచ్చుకున్న దూలాలు, తలుపులు ఉన్నవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. కట్టె మంచిదే, కానీ ఒకచోట విప్పి ఇంకోచోట బిగించినవి కాబట్టి పాత చీలల ముక్కలు లోపలే విరిగి ఉంటాయి. గీకుడు కత్తి వాటికి తగిలి ఎగిరి చేతిని కోస్తుంది.

పాత రంగులో సీసం

ఇది చదవకుండా గీకుడు మొదలుపెట్టొద్దు.

మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నియమాలు 2016లో వచ్చాయి, అమల్లోకి వచ్చింది 2017 నవంబరు 1 నుంచి. అంటే పది లక్షల పాళ్ళలో తొంభై పాళ్ళు. రంగులేసేవాళ్ళను సీసపు తెలుపు నుంచి కాపాడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లోనే ఒడంబడిక చేసింది. అమెరికా 1978లో ఇళ్ళ రంగుల్లో సీసాన్ని నిషేధించింది. మనం ఎంత ఆలస్యంగా మేల్కొన్నామో ఆ ఏండ్లే చెబుతాయి. కాబట్టి 2017కు ముందు వేసిన ఆయిల్ రంగు మీ తలుపు మీద ఏ పొరలో ఉన్నా అందులో సీసం ఉందనుకునే పని చేయాలి.

అందులోనూ కొన్ని రంగులు మరీ చెడ్డవి. పాత ఎనామిళ్ళలో మెరిసే పసుపుకు సీసపు క్రోమేటు వాడేవారు. దానికి నీలం కలిపితే ఆకుపచ్చ వచ్చేది. నారింజ, ఎరుపు ఛాయల్లో కూడా సీసం ఉన్నవి ఎక్కువ. మన ఇళ్ళ ముందు భాగం ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కడపకు పసుపు రంగు, దాని మీద ఎర్ర బొట్లు, తలుపులకు ఆకుపచ్చ. రోజూ పసుపు రాసే శ్రమ తప్పుతుందని ఎనామిల్ పసుపు పూసిన కడప మీదే చిన్నపిల్లలు పాకుతూ చేతులు ఆనిస్తారు. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఇంత లోపల ఉంటే భయం లేదని చెప్పగల మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

గట్టిగా అంటుకుని ఉన్నంతసేపు ఆ రంగుతో పెద్ద ప్రమాదం లేదు. దాన్ని పొడి చేసినప్పుడే ప్రమాదం. అందుకని పొడిగా ఎమరీ కాగితం రుద్దకూడదు. మిషన్ పెట్టి అసలే రుద్దకూడదు. బ్లో ల్యాంపు మంటతో కాల్చి గీకడం పాత అలవాటు, ఆ పొగలో సీసం ఊపిరితిత్తుల్లోకి నేరుగా పోతుంది. ఎండిన కట్టెకు నిప్పంటుకునే భయం అదనం. చేయాల్సింది తడి పని. నీళ్ళు పిచికారీ కొట్టి, తడి మీద గీకి, తడి కాగితంతోనే రుద్దాలి. తలుపు కింద అరుగంతా పట్టేలా మందపాటి ప్లాస్టిక్ పట్టా పరచాలి. ముక్కుకు ఎన్-95 మాస్కు కట్టాలి, తువాలు చుట్టుకుంటే దాన్ని దాటి పొడి లోపలికి పోతుంది. పిల్లలను, గర్భిణులను ఆ రోజుల్లో ఇంకో ఇంటికి పంపితే మంచిది. చేతులు, మొహం కడుక్కోకుండా బీడీ ముట్టించడం, తిండికి కూర్చోవడం వద్దు. ఆ బట్టలు విడిగా ఉతకాలి.

రాలిన పెళ్ళలను ఊడ్చి పెరట్లో పోయొద్దు, కోళ్ళు పొడుచుకు తింటాయి. చలిమంటలో వేయొద్దు. పట్టాను నాలుగు మూలలా ఎత్తి మడిచి, సంచిలో కట్టి, మున్సిపాలిటీ బండికి మిగతా చెత్తలో కలపకుండా విడిగా ఇదీ అని చెప్పి ఇవ్వాలి. వడ్డేపల్లి ఇప్పుడు మున్సిపాలిటీ, రంగు డబ్బాల వంటి చెత్తను వేరుగా తీసుకోవాలనే నియమం దానికీ వర్తిస్తుంది. అడిగితే గానీ నడవని నియమం అది, కాబట్టి అడగండి.

కడుగుడు

గీకడానికి ముందే కడగాలి. చాలామంది పెయింటర్లు ఎమరీ కాగితంతో మొదలుపెట్టి, జిడ్డును కట్టెలోకి ఇంకా లోతుగా రుద్దుతారు. తలవాకిలి మీద ఎన్ని రకాల జిడ్డు ఉంటుందో లెక్కేస్తే ఆశ్చర్యమేస్తుంది. పసుపు, కుంకుమ కలిపిన నూనె, దీపం పెట్టే గూటి పక్కన మసి, అగరొత్తుల పొగ, గొలుసు దగ్గర చేతుల చెమట, తోరణాల చీలలు, సెలోటేపు బంక. 2024 నవంబరు ఇంటింటి సర్వేలో అంటించిన స్టిక్కరు కూడా ఇంకా చాలా తలుపుల మీద అలాగే ఉంది. స్టిక్కర్ల బంక సబ్బుకు పోదు, టర్పెంటాయిల్‌లో ముంచిన గుడ్డను కాసేపు అదిమి ఉంచితే మెత్తబడి వస్తుంది.

మిగతా దానికి గోరువెచ్చటి నీళ్ళలో బట్టల సోడా, లీటరుకు రెండు చెంచాలు. చేతులకు తొడుగులు వేసుకుని, మెత్తటి కుంచెతో కింది నుంచి పైకి రుద్దుతూ పోవాలి. పై నుంచి మొదలుపెడితే సోడా నీళ్ళు మురికి మీదుగా చారలు కట్టి దిగుతాయి, ఆ చారలు పోవు. మంచినీళ్ళతో కడిగేటప్పుడు మాత్రం పై నుంచి కిందికి. సోడా మిగిలితే ప్రైమరును తినేస్తుంది, కాబట్టి రెండుసార్లు కడిగి వెంటనే పొడిగుడ్డతో అద్దాలి. ట్రాక్టరు కడిగే ప్రెషర్ పంపు పెట్టి కొట్టొద్దు. క్షణంలో శుభ్రమవుతుంది నిజమే, కానీ నీళ్ళు అతుకుల లోపలికి దూరి వారాల తరబడి ఆరవు.

కడిగాక రెండు మూడు రోజులు నీడపట్టున గాలికి ఆరనివ్వాలి. ఆరిందో లేదో తెలియాలంటే గుప్పెడంత పారదర్శక ప్లాస్టిక్ ముక్కను నాలుగు వైపులా టేపుతో మూసి కట్టెకు అతికించి ఒక పగలంతా వదిలేయాలి. లోపలి వైపు చెమ్మ పట్టిందంటే ఇంకా ఆగాలి.

ఇనుము, ఇత్తడి సామాన్లను ఈ మధ్యలోనే విప్పాలి. గొలుసు, గొళ్ళెం, ఇత్తడి పువ్వులు, కడియాలు. వాటి మీదే రంగు పూసేసిన తలుపులు ఎన్నో ఉన్నాయి మన ఊళ్ళల్లో, ఇత్తడి పువ్వు ఎక్కడుందో తడిమి చూస్తే గానీ తెలియనంతగా. చీలలతో సహా ఒక్కోదాన్ని ఒక్కో పొట్లంలో కట్టి ఎక్కడిదో రాసిపెట్టుకుంటే బిగించేటప్పుడు తిప్పలు ఉండవు. చాలా పాత తలుపులకు మడతబందులే ఉండవు. రెక్క కొసలను పైనా కిందా బొడ్డులా చెక్కి కడపలో, పైకమ్మిలో గుంతల్లో కూర్చోబెట్టి ఉంటారు. వాటిని ఊడదీయాలని చూడొద్దు. వడ్లాయన లేకుండా లేపితే బొడ్డు విరుగుతుంది, విరిగితే ఆ తలుపు మళ్ళీ నిలబడదు. ఉన్నచోటే పని చేసుకోవాలి.

గీకుడు

పదునైన గీకుడు పట్టీని కట్టె పోగు వెంట లాగాలి. అడ్డంగా లాగితే పోగు చిట్లి గాట్లు పడతాయి, ఆ గాట్లు నిగనిగలాడే ఎనామిల్ కింద మరింత కనబడతాయి. తడిపి, రెండు నిమిషాలు ఆగి, ఊడేదాన్ని ఊడనివ్వాలి. ఊడనని మొండికేసిన చోట బలవంతం వద్దు, గట్టిగా ఉంటే ఉండనివ్వవచ్చు. గీకిన చోటుకు, మిగిలిన పాత రంగుకు మధ్య మెట్టు మాత్రం ఉండకూడదు. తడి కాగితంతో ఆ అంచును వాలుగా అరగదీయాలి, కండ్లు మూసి వేలు పోనిస్తే ఎక్కడ మెట్టు ఉందో తెలియనంత వరకు.

లావు పొరలు దింపాలంటే రంగు తీసే పేస్టు దొరుకుతుంది. కుంచెతో మందంగా పూసి, డబ్బా మీద రాసినంతసేపు ఆగి, ముడతలు పడ్డాక గీకాలి. బయట, గాలి ఆడేచోట, రబ్బరు తొడుగులతో మాత్రమే. చవకని కాస్టిక్ సోడా కలిపి పూసేవాళ్ళున్నారు. రంగు పోతుంది, దాంతోపాటు టేకు రంగు నల్లగా మాడుతుంది, పోగు లేచి గరుకవుతుంది, చర్మం తగిలితే కాలుతుంది. నా మాట అడిగితే అది తలుపులకు వాడే వస్తువే కాదు.

చెక్కడపు పని ఉన్న దర్వాజల దగ్గర ఓపిక కావాలి. పైకమ్మి మీద తామరపువ్వు, చిలకలు, గజలక్ష్మి, పక్కన తీగల నగిషీ ఇవన్నీ పొర మీద పొర పడి మొద్దుబారి ఉంటాయి. అక్కడ పట్టీ పనిచేయదు. పేస్టు పూసి, పాత పండ్ల బ్రష్షు, మొన అరగదీసిన సైకిలు పుల్ల, వెదురు పేడు, వీటితో రేకు తర్వాత రేకు విడదీసుకుంటూ పోవాలి. ఒక పువ్వుకు సగం పూట పడుతుంది. అంతా అయ్యాక కింద నుంచి టేకు పోగు బయటపడితే, దయచేసి దాన్ని మళ్ళీ ఎనామిల్‌తో కప్పొద్దు. అవిసె నూనె పట్టించి వదిలేసినా, వార్నిష్ వేసినా చాలు. ఏడాదికోసారి నూనె పట్టించే ఓపిక లేనివాళ్ళు మాత్రమే ఇక్కడ రంగు గురించి ఆలోచించాలి.

పుచ్చు, చీల, సందు

సుద్ద గుర్తులు పెట్టుకున్న చోట్లకు ఇప్పుడు వెళ్ళాలి. పుచ్చిన కట్టెను ఉలితో గట్టి కట్టె తగిలేదాకా తీసేయాలి. గుంత చిన్నదైతే ఎపాక్సీ ముద్దతో పూడ్చవచ్చు. పెద్దదైతే వడ్లాయనను పిలిచి అదే జాతి కట్టె ముక్కను, పోగు అదే దిక్కుకు ఉండేలా అతుకు వేయించాలి. టేకులో తుమ్మ అతికితే రెండూ ఒకేలా ఉబ్బవు, అతుకు గీత పైకి తేలుతుంది. బంక నీళ్ళకు తట్టుకునే రకం కావాలి, మామూలు తెల్ల బంక బయట తడికి కరుగుతుంది. చెదలు ఉన్నచోట మట్టి గొట్టాలను దులిపి, మందును డబ్బా మీది పాళ్ళలో కలిపి, సిరంజితో రంధ్రాల్లోకి, గోడకు దర్వాజకు మధ్య సందులోకి ఎక్కించాలి. దర్వాజకు ఒక్కదానికే మందు పెడితే చెదలు గోడలో నుంచి మళ్ళీ వస్తాయి, పుట్ట ఉన్నది నేలలో.

పైకి తేలిన చీలలను సుమ్మెతో కొట్టి లోపలికి దించి, తలల మీద రెడాక్సైడు చుక్క పెట్టాలి. అది మరిచిపోతే తుప్పు మరక లప్పాన్ని, ప్రైమరును, రెండు పూతల రంగును దాటుకుని పైకొస్తుంది. ముడులు ఉన్నచోట బంక ఊరుతుంటే లక్కను స్పిరిట్‌లో కరిగించి రెండుసార్లు పూస్తే ఆగుతుంది. యాపకట్టెలో దీని అవసరం పడుతుంది.

గీకినప్పటి తడి పూర్తిగా ఆరిన తర్వాత ఎమరీ కాగితం, పాత రంగు పూర్తిగా పోయిన చోట మాత్రమే పొడిగా. 80 నంబరుతో మొదలుపెట్టి, 120కి వచ్చి, 180 దగ్గర ఆపాలి. అంతకన్నా నున్నగా చేస్తే ప్రైమరుకు పట్టు దొరకదు. కాగితాన్ని చెక్క దిమ్మెకు చుట్టి రుద్దాలి, వేళ్ళతో రుద్దితే మెత్తటి పోగు దగ్గర గుంతలు పడతాయి. పొడిని కుంచెతో దులిపి, టర్పెంటాయిల్ తడి చేసిన గుడ్డతో తుడవాలి. నీళ్ళ గుడ్డ పెడితే పోగు మళ్ళీ లేస్తుంది.

ముందు ప్రైమరు, తర్వాత లప్పం

ఈ వరుస దగ్గరే సగం ఇళ్ళలో పని చెడుతుంది. గీకిన ఉత్త కట్టె మీద నేరుగా లప్పం పెట్టేస్తారు. ఎండిన కట్టె లప్పంలోని నూనెను పీల్చేసుకుంటుంది, సుద్ద పొడి ఒక్కటే మిగులుతుంది, ఏడాదిలోపు బిళ్ళలు బిళ్ళలుగా రాలుతుంది. ముందు కట్టెకు ఒక పూత ప్రైమరు తాగించాలి.

అంతకన్నా పెద్ద తప్పు ఈ మధ్య ఎక్కువైంది. గోడలకు తెచ్చిన తెల్ల సిమెంటు పుట్టీ సంచిలో మిగిలిందని అదే తలుపు మీద రుద్దేస్తారు. గోడ కదలదు, కట్టె ప్రతి కాలంలో కదులుతుంది. సిమెంటు పుట్టీకి సాగే గుణం లేదు. మొదటి వానాకాలం దాటకముందే పగులుతుంది. మీ ఇంట్లో పెయింటరు ఆ సంచి విప్పుతుంటే ఆపండి.

కట్టెకు వేయాల్సింది ఆయిల్ ఉడ్ ప్రైమరు. మొదటి పూతకు టర్పెంటాయిల్ కొంచెం కలిపి పలచగా చేస్తే లోపలికి ఇంకుతుంది. కొసలన్నిటికీ, అంటే కమ్ముల కాళ్ళకు, వాసాల మూతులకు, తలుపు రెక్కల పై అంచుకూ కింది అంచుకూ, తాగినంతసేపు తాగించాలి. రెక్క కింది అంచు ఎవరికీ కనబడదు, అందుకే ఎవరూ పూయరు. చిన్న అద్దం ముక్కను రెక్క కింద నేల మీద పెట్టి చూస్తే పూశారో లేదో తెలిసిపోతుంది. తలుపు కింది నుంచి ఉబ్బడానికి, సానిపి నీళ్ళు ఎక్కడానికి దారి ఆ అంచే.

ఒక రాత్రి ఆరాక లప్పం. డబ్బాల్లో దొరుకుతుంది గానీ, పాత పద్ధతిలో సుద్ద పొడిని మరిగించిన అవిసె నూనెతో పిసికి, చేతికి అంటనంత గట్టిగా చేసుకున్నది బయటి కట్టెకు బాగా నిలుస్తుంది. సన్నటి పగుళ్ళు, చీలల తలలు, చిన్న గుంతలు, వీటికి మాత్రమే. పట్టీతో గట్టిగా అదిమి, కొంచెం ఎత్తుగా వదిలితే ఆరి కుంగినప్పుడు సమానమవుతుంది. పొర మందంగా ఉంటే ఒకేసారి పెట్టకుండా రెండు మూడు రోజుల తేడాతో పెట్టాలి. పలకల మధ్య వేలు పట్టే సందులను లప్పంతో నింపొద్దు, అవి కట్టె కదలడానికి వదిలిన సందులు. మరీ వెడల్పైతే సన్నటి కట్టె పట్టీ దించాలి. తలుపంతా నున్నగా అద్దంలా ఉండాలని మొత్తానికి లప్పం రుద్దే అలవాటు లోపలి బీరువాలకు సరిపోతుందేమో, ఎండకు ఎదురుగా నిలబడే తలవాకిలికి కాదు.

లప్పం గట్టిపడ్డాక 180తో తేలిగ్గా రుద్ది, దుమ్ము తుడిచి, రెండో పూత ప్రైమరు వేయాలి. ఈసారి టర్పెంటాయిల్ కలపనక్కర్లేదు. అవిసె నూనె, ప్రైమరు తుడిచిన గుడ్డపీలికలను ముద్దగా చుట్టి మూలకు పడేయొద్దు. నూనె ఆరేటప్పుడు పుట్టే వేడి ముద్ద లోపల చిక్కుకుని, ఎవరూ నిప్పు పెట్టకుండానే అంటుకుంటుంది. బయట ఒక్కొక్కటిగా పరిచి ఆరబెట్టాలి, లేదంటే నీళ్ళ బకెట్లో వేయాలి.

ప్రైమరు వేసి పండుగ కోసం నెలల తరబడి వదిలేస్తే ఎండకు సుద్దగా మారి పట్టు పోతుంది. వారం, పది రోజుల్లో రంగు పడాలి. ఆలస్యమైతే మళ్ళీ రుద్ది ఇంకో పూత ప్రైమరు.

కడప విషయంలో మాత్రం నా అభిప్రాయం గట్టిది. పాత పసుపు ఎనామిల్ గీకేశాక దానికి ప్రైమరు వేయకండి. అవిసె నూనె రెండు మూడు విడతలుగా పట్టించి, ఆరనిచ్చి, అసలు పసుపే రాసుకోండి. ఎనామిల్ మీద జారిపోయే పసుపు నూనె తాగిన కట్టె మీద నిలుస్తుంది. రోజూ రాయలేమనుకుంటే శుక్రవారం శుక్రవారం రాయండి.

ఇక రంగు కొనడానికి వెళ్ళండి. శాంతినగర్‌లో కొన్నా, అయిజలో కొన్నా, కర్నూలు వెళ్ళినా డబ్బా తిప్పి సీసం 90 పీపీఎం మించదన్న మాట, తయారుచేసినవాళ్ళ చిరునామా, తయారైన నెల, ఏడాది రాసి ఉన్నాయో లేదో చదవండి. ఆ మాట లేని డబ్బాను, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ డబ్బాలను, ఎంత చవకకు ఇచ్చినా షాపులోనే వదిలేసి రండి.